బాయి మూసి ఇరవై ఏళ్లు దాటింది, బాపు మాత్రం కదలడు

ప్రశ్న

అక్కా, మాది సింగరేణి కోల్‌బెల్ట్, బొగ్గు గనుల ప్రాంతం. ఊరి పేరు వేయకండి, చుట్టాలు గుర్తుపడతారు. మా బాపు కోల్ ఫిల్లర్, అంటే బాయిలో (గనిలో) బొగ్గు ఎత్తి టబ్బులనే చిన్న బండ్లలో నింపేవాడు. ఆయన చేసే బాయి మూతపడుతుందని తెలిశాక 2001లో గోల్డెన్ షేక్‌హ్యాండ్ (ఏకమొత్తం డబ్బు తీసుకుని ముందే నౌకరి వదిలే వీఆర్‌ఎస్) తీసుకుని దిగిపోయాడు. అప్పటికి ఆయనకు 47. ఆ డబ్బు అక్క పెళ్లికి, పాత అప్పులకు, ఇంటి స్లాబుకు రెండేళ్లలో అయిపోయింది. తర్వాత అమ్మే మిషన్ కుట్టి ఇల్లు నడిపింది. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను, పెళ్లయింది, నెలకు ఎనిమిది వేలు ఇంటికి పంపుతాను. తమ్ముడికి 34. ఐటీఐ ఫిట్టర్ చేశాడు. వీఆర్‌ఎస్ తీసుకున్నవాళ్ల పిల్లలకు ఉద్యోగాలు వస్తాయని పదేళ్లుగా ఎదురుచూస్తున్నాడు. ఎవరో ఇప్పిస్తానంటే లక్షన్నర కూడా ఇచ్చాడట, మాకు ఈ మధ్యే తెలిసింది. బాపు పొద్దున నాలుగింటికే లేచి, మూసేసిన బాయి దిక్కు పోయి కూర్చుంటాడు. దగ్గు ఎక్కువైంది. హైదరాబాద్ రమ్మంటే రాడు. మా ఇల్లు కంపెనీ స్థలంలో ఉంది, ఒకాయన నాలుగు లక్షలకు అడుగుతున్నాడు. అది అమ్మేసి అందరినీ ఇక్కడికే తెచ్చుకుందామని మావారు అంటున్నారు. బాపుది మొండితనమా? నేనేం చేయాలి?

- ఒక కోల్ ఫిల్లర్ బిడ్డ

సమాధానం

చెల్లీ,

ముందు తొందరగా చేయాల్సినవి చెప్పేస్తాను. ఇల్లు ఇప్పుడే అమ్మకండి. తమ్ముడిని ఆ మనిషికి ఇంకో రూపాయి ఇవ్వనివ్వకు. బాపును ఊపిరితిత్తుల డాక్టర్‌కు చూపించు. ఈ మూడూ ఈ నెలలోనే చూసుకో. మొండితనం సంగతి అంత తొందరగా తేలేది కాదు, దానికి కొంచెం వెనక్కి పోవాలి.

నేనూ క్వార్టర్లలో పెరిగినదాన్నే. మా ఇంట్లో గోడ గడియారం ఉండేది కానీ దాన్ని ఎవరూ చూసేవాళ్లు కాదు, సైరన్ మోగితే అదే టైం. నీళ్లు కంపెనీవి, కరెంటు కంపెనీది, దవాఖాన కంపెనీది, పొయ్యిలో బొగ్గూ కంపెనీదే. కిరాణా కొట్టులో ఖాతా పుస్తకం జీతాల రోజును చూసుకుని నడిచేది. సంబంధం మాట్లాడడానికి వచ్చినవాళ్లు పిల్లగాడి గుణం కంటే ముందు ‘పర్మనెంటా, బదిలీనా’ అని అడిగేవాళ్లు. పర్మనెంటు వాళ్లు రాని రోజు పని దొరికేవాళ్లను బదిలీ అనేవాళ్లు. అన్నింటికంటే పెద్దది, తండ్రి నౌకరి దిగిపోతే కొడుకు అందులో ఎక్కుతాడన్న నమ్మకం. బడిలో లెక్కలు రాని పిల్లలను సారు తిడితే, ‘మాకు బాపు నౌకరి ఉంది సార్’ అనే ధైర్యం వెనక బెంచీలో ఉండేది. నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు తలచుకుంటే నవ్వు రావడం లేదు.

ఇంత అల్లుకుపోయిన ఊళ్లో బాయి మూస్తే, ఏయే తాళ్లు తెగుతాయో ఎవరూ ముందుగా లెక్క కట్టలేదు.

బయటివాళ్లు బాయిలు మూతపడ్డాయంటే బొగ్గు అయిపోయిందనుకుంటారు. సింగరేణిలో జరిగింది అది ఒక్కటే కాదు. 1990ల మొదట్లో లక్షా పదిహేను వేలకు పైగా కార్మికులు ఏడాదికి సుమారు 2 కోట్ల టన్నుల బొగ్గు తీసేవాళ్లు. ఇప్పుడు ఉన్నది 40 వేల చుట్టూ మంది. 2023-24లో వచ్చిన బొగ్గు 7 కోట్ల టన్నులు. బొగ్గు మూడింతలు దాటింది, మనుషులు మూడో వంతుకు వచ్చారు. తట్టా చెమ్మస్ (బొగ్గు ఎత్తే పార) పట్టుకుని టబ్బులు నింపిన మీ బాపు పనిని ఓపెన్ కాస్టులో, అంటే పైనుంచి నేల తవ్వే గనిలో, షవెల్, డంపర్ యంత్రాలు ఎత్తుకుపోయాయి. ఆ డంపర్ నడిపే పిల్లలు కూడా చాలాచోట్ల కాంట్రాక్టు కంపెనీ వాళ్లే. భూగర్భ గనిలో టన్ను తీయడానికి అయ్యే ఖర్చు అమ్మే ధరను దాటిపోయింది. నష్టాలతో 90లలో కంపెనీ రెండుసార్లు బీఐఎఫ్‌ఆర్ (నష్టాల్లో మునిగిన కంపెనీల సంగతి చూసే సంస్థ) గడప తొక్కింది. ఒక్కో ఇంక్లైన్‌లో (వాలుగా దిగే భూగర్భ గనిలో) తీయగలిగిన బొగ్గు అయిపోయిన కొద్దీ మూసుకుంటూ వచ్చారు. ముందుగా దెబ్బ తిన్నవి అన్నింటికంటే పాత ఊళ్లే. 1889లో తవ్వకం మొదలైన ఇల్లందును ఇప్పటికీ పాతవాళ్లు బొగ్గుట్ట అంటారు, పేరులో ఉన్నంత బొగ్గు పని ఆ ఊళ్లో లేదు. బెల్లంపల్లి ఏరియా అన్న పేరు కాగితం మీద అలాగే ఉంది, జీఎం ఆఫీసు మాత్రం గోలేటిలో ఉంటుంది. దేశమంతా పట్టణాలు పెరిగిన 2001, 2011 జనాభా లెక్కల మధ్య బెల్లంపల్లిలో జనం తగ్గారు.

ఈ లెక్కలు నీకు ఎందుకు చెబుతున్నానంటే, మీ బాపు కళ్ల ముందు బొగ్గు ఆగలేదు. గూడ్స్ బండ్లు నిండుగా పోతూనే ఉన్నాయి. దసరా ముందు లాభాల వాటా వార్త పేపర్లో వస్తూనే ఉంది. పక్క వాడలో ఇంకా మస్టర్ (గని హాజరు) పడుతున్నవాళ్లు బట్టలు కొంటూనే ఉన్నారు. అన్నీ నడుస్తున్నాయి, తను ఒక్కడే దిగిపోయాడు. అదీ ఎవరో మెడ పట్టి గెంటితే కాదు, తానే సంతకం పెట్టి.

నాకు అనిపించేది చెబుతాను, తప్పయితే నువ్వే దిద్దు. ఆ రోజుల్లో కోల్‌బెల్ట్ తండ్రి దృష్టిలో తన నౌకరి తనొక్కడిది కాదు, కొడుకుది కూడా. ఏకమొత్తం తీసుకుని సంతకం పెట్టిన రోజు మీ బాపు ఇద్దరి నౌకర్లు అమ్మేశానని అనుకుని ఉంటాడు. ఆ డబ్బు రెండేళ్లలో అయిపోయింది. కొడుకు 34 ఏళ్లొచ్చి ఖాళీగా కళ్ల ముందు తిరుగుతున్నాడు. పొద్దున నాలుగింటికి లేచి పోయి కూర్చునేది ఏదో పాత రోజులు తలచుకోవడానికని నువ్వు అనుకుంటున్నావు. నాకైతే ఆయన ఇరవై ఏళ్లుగా ఆ సంతకం దగ్గరే కూర్చున్నాడనిపిస్తోంది.

ఇప్పుడు నువ్వు, మీ ఆయన మంచి మనసుతోనే ఏమంటున్నారు? నాలుగు లక్షలు తీసుకుని ఇల్లు వదిలెయ్యి అంటున్నారు. ఆయనకు ఈ బేరం కొత్త కాదు కదా చెల్లీ. ఒకసారి ఏకమొత్తం తీసుకుని బాయి వదిలాడు, రెండోసారి ఏకమొత్తం తీసుకుని ఊరు వదలమంటున్నారు. మొండితనం అన్నావు గానీ, దెబ్బ తిన్న మనిషి ఆ దారిలో మళ్లీ కాలు పెట్టడు.

ఇది మన ఊళ్లలోనే జరిగిన కథ కూడా కాదు. ఇంగ్లండ్‌లో 1984 మార్చిలో 20 గనులు మూసి 20 వేల ఉద్యోగాలు తీసేస్తామన్నప్పుడు గని కార్మికులు ఏడాది పాటు సమ్మె చేశారు, ఓడిపోయారు. అక్కడి చివరి లోతు గని కెల్లింగ్లీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. సమ్మె తర్వాత ఏళ్లలో ఆ ఊళ్లను చూసిన పరిశోధకులకు ఒక వింత కనబడింది. ఇన్ని గనులు పోయాక నిరుద్యోగుల లెక్క ఆకాశానికి పోవాలి, పోలేదు. పని పోయిన మగవాళ్లు చాలామంది జబ్బు భృతి జాబితాలోకి వెళ్లిపోయారు. అవి దొంగ జబ్బులని కాదు. పని ఉన్నన్నాళ్లు దగ్గుకుంటూనే గనిలోకి దిగినవాళ్లు, నడుము పట్టేసినా దిగినవాళ్లు, పని లేకపోయాక ఇక కూర్చుండిపోయారు. మన దగ్గర అలాంటి భృతి కూడా లేదు, కూర్చోవడమే ఉంది.

అందుకే బాపు దగ్గు దగ్గరికి వస్తాను. ఇన్నేళ్లు బొగ్గు దుమ్ము, రాతి దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు పని మానేసిన తర్వాత కూడా పాడవుతూనే ఉండొచ్చు. పల్లె డాక్టర్లు చాలాసార్లు దీన్ని టీబీ అనుకుని మందులిస్తారు. ఒక్కోసారి రెండూ ఉంటాయి కూడా. డాక్టర్ దగ్గర ‘దగ్గు’ అని ఊరుకోవద్దు. ఎన్నేళ్లు భూగర్భంలో చేశాడు, ఏ పని చేశాడు, బీడీ తాగుతాడా, ఇవన్నీ చెప్పి ఛాతీ ఎక్స్‌రే, గొట్టంలోకి ఊదించే పరీక్ష చేయించు. మెడికల్ కార్డు ఉంటే కంపెనీ దవాఖానలో చూపించవచ్చు. లేకపోతే ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి నీకు దగ్గరే. దుమ్ము వల్ల వచ్చిన జబ్బని తేలితే ఆ మాట కాగితం మీద రాయించుకో. గని కార్మికులకు వచ్చే ఈ జబ్బులు చట్టంలో వృత్తి వ్యాధులుగా ఉన్నాయి. ఇన్నేళ్లకు పరిహారం వస్తుందని నేను ఆశ పెట్టను, కానీ కాగితం ఉంటే లేబర్ కేసులు చూసే లాయర్‌ను అడగడానికైనా వీలుంటుంది.

హైదరాబాద్ ప్రయాణం ఈ పేరుతో మొదలైతే మంచిది కూడా. ‘మా దగ్గర ఉండిపో’ అంటే రాని మనిషి ‘పది రోజులు దవాఖాన పని’ అంటే రావచ్చు. వచ్చాక పదో రోజున ఉండిపొమ్మని మాత్రం అనకు. మాట ప్రకారం రైలెక్కించు. అప్పుడే రెండోసారి పిలిస్తే వస్తాడు.

ఇల్లు. కంపెనీ స్థలంలో కట్టుకున్న ఇల్లు అన్నావు. పట్టా ఉందా లేదా రాయలేదు. కంపెనీ స్థలం అంటున్నావు కాబట్టి పట్టా లేదని నా అనుమానం. సింగరేణి ప్రభుత్వానికి అప్పగించిన స్థలాల్లో ఇళ్లు కట్టుకున్నవాళ్లకు జీవో 76 కింద పట్టాలిచ్చారు. బెల్లంపల్లి, మందమర్రి, కొత్తగూడెం, ఇల్లందు లాంటి చోట్ల చాలా ఇళ్లకు వచ్చాయి. మీ స్థలం అప్పగించిన దాంట్లో ఉందా, బాపు ఎప్పుడైనా దరఖాస్తు పెట్టాడా, పెడితే ఎక్కడ ఆగింది, తహసీల్దార్ ఆఫీసులో సర్వే నంబర్ చెప్పి అడుగు. పాత కరెంటు బిల్లులు, ఇంటి పన్ను రసీదులు ఒక్కటి కూడా పారేయొద్దు. పట్టా లేని ఇంటికి నాలుగు లక్షలిస్తానన్నవాడికి పట్టా వస్తే ఎంత పలుకుతుందో తెలిసే ఉంటుంది. మూతపడిన ఊళ్లలో ఇళ్లు చవగ్గా కొనిపెట్టుకునేవాళ్లు ఊరు పూర్తిగా చచ్చిపోతుందని నమ్మి కొనరు.

పెన్షన్ గురించి నువ్వేమీ రాయలేదు. అది నాకు భయంగా ఉంది. బొగ్గు గనుల పెన్షన్ 1998 నాటి స్కీమ్, డీఏ ఉండదు, పాతికేళ్ల కింద దిగిపోయినవాళ్లకు వచ్చేది చాలా తక్కువ. తక్కువని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడం మానేస్తే అదీ ఆగిపోతుంది. ఇంకో సంగతి. మీ బాపుకు బాయిలో పేరు, ఊళ్లో పేరు ఒకటేనా? నవ్వకు. మన దగ్గర ఇంకొకరి పేరు మీద నౌకరి ఎక్కి, ముప్పై ఏళ్లు ఆ పేరుతోనే మస్టర్ పడి, ఇంట్లో మాత్రం అమ్మానాన్నలు పెట్టిన పేరుతో పిలిపించుకున్నవాళ్లు వేలల్లో ఉన్నారు. మారు పేర్ల వల్ల కొడుకుల నౌకర్లు ఆగిపోయిన ఇళ్లు ఎన్నో. ఆధార్‌లో ఒక పేరు, పెన్షన్ కాగితంలో ఒక పేరు ఉంటే, రేపు బాపు లేని రోజున మీ అమ్మకు రావాల్సిన ఫ్యామిలీ పెన్షన్ దగ్గర మొదటి గొడవ అదే అవుతుంది. ఆయన ఉండగానే, ఆయన సంతకంతోనే సరిచేయించాలి. అమ్మ పేరు, పుట్టిన తేదీ కూడా చూడు.

అమ్మ అన్నానుగా. ఇంత ఉత్తరంలో ఆమెకు నువ్విచ్చింది ఒకే ఒక్క వాక్యం. మిషన్ కుట్టి ఇల్లు నడిపింది అన్నావు. ఆమె హైదరాబాద్ రావాలనుకుంటోందా, వద్దనుకుంటోందా? అడిగావా? బాయి మూసినప్పుడు మగవాళ్ల పని పోయిందని అందరం రాస్తాం. ఆడవాళ్లకు ఆ రోజే పని మొదలైందని రాయం. ఆమె చేతిలో మిషన్ ఉంది, కుట్టించుకునేవాళ్లు ఉన్నారు, కాబట్టి ఊరిని వదలడం ఆమెకూ నష్టమే కావచ్చు. లేదా ఇరవై ఏళ్లు కుట్టీ కుట్టీ కళ్లు పోయి, రెండు నెలలు బిడ్డ దగ్గర కూర్చుని తినాలని ఉండొచ్చు. విడిగా, బాపు లేనప్పుడు, ఫోన్లో కాకుండా ఎదురుగా అడుగు.

ఇక తమ్ముడు. ఇక్కడ మెత్తగా మాట్లాడలేను, ఏమనుకోకు. 2016లో వారసత్వ ఉద్యోగాలు మళ్లీ ఇస్తామని నిర్ణయం జరిగింది. ఊళ్లకు ఊళ్లు టపాసులు కాల్చాయి. 2017లో హైకోర్టు కొట్టేసింది, సుప్రీంకోర్టులోనూ నిలబడలేదు. ఆ తర్వాత కారుణ్య నియామకాలన్నారు. అవి పనిలో ఉండగా చనిపోయినవాళ్ల, మెడికల్ అన్‌ఫిట్ అయినవాళ్ల పిల్లలకు. మీ బాపు మస్టర్ 2001లోనే తెగింది. వీఆర్‌ఎస్ వాళ్ల పిల్లలకు ఇవ్వాలని అడిగేవాళ్లు ఉన్నారు, ఎన్నికలప్పుడు సరేననేవాళ్లూ ఉన్నారు. చేతికి ఉత్తర్వు రాని మాట మీద పదేళ్లు పెట్టాడు నీ తమ్ముడు. ఎంత కాదన్నా అతనూ బాపు కూర్చున్న చోటే కూర్చున్నాడు, కాకపోతే చేతిలో ఫోన్ ఉంది.

లక్షన్నర తీసుకున్నవాడు ఎవరైనా సరే మోసగాడే. డబ్బు ఎలా ఇచ్చాడు, ఫోన్‌పేనా, చేతికా, ఎవరి ముందు, అన్నీ రాయించి పెట్టుకో. మెసేజ్‌లు డిలీట్ చేయనివ్వకు. నలుగురు పెద్దమనుషుల ముందు తిరిగి అడగండి, ఇవ్వకపోతే పోలీస్ స్టేషన్‌లో దరఖాస్తు ఇవ్వండి. ‘మేం లంచం ఇచ్చామని మా మీదే కేసు అవుతుందేమో’ అని భయపెడతారు, ఒకసారి లాయర్‌తో మాట్లాడి వెళ్లండి. డబ్బు రాకపోవచ్చు. కానీ వాడి మీద నమ్మకం పోవడం తమ్ముడికి లక్షన్నర కంటే ఎక్కువ లాభం.

నన్నడిగితే ఆ ఇంట్లోంచి ముందు నీ దగ్గరికి రావాల్సింది తమ్ముడు. ఫిట్టర్ చదివి పదేళ్లు పాన పట్టకపోతే ఐటీఐ సర్టిఫికెట్ కాగితమే అవుతుంది. మెట్రో పనులో, లిఫ్టుల కంపెనీయో, ఏసీ రిపేరో, ఆరు నెలలు చేయి తిరగనీ. మొదట్లో జీతం సిగ్గుపడేంత ఉంటుంది. ఆ సిగ్గును ఇంట్లో ఎవరూ ఎత్తిచూపొద్దు, ముఖ్యంగా మీ ఆయన. తర్వాత మంచిర్యాల, రామగుండం వైపు పవర్ ప్లాంట్లలో, సిమెంటు ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు పని దొరికితే ఇంటి నుంచే పోయి రావచ్చు. కోలార్‌లో బంగారు గని 2001 ఫిబ్రవరి 28న మూసేశాక, అక్కడివాళ్లు వేలమంది తెల్లారేసరికి రైలెక్కి బెంగళూరు పోయి పనిచేసి రాత్రికి ఇంటికి చేరుకుంటున్నారు. అది గొప్ప బతుకని చెప్పను, నిద్ర లేని బతుకు. అయినా ఆ ఊరు ఇంకా ఊరుగా మిగిలిందంటే ఆ రైళ్ల వల్లే.

కోపంతో ఒక మాట. గని మూయాలంటే ముందే ప్లాన్ ఉండాలని, దానికి ఎస్క్రో ఖాతాలో (ఆ పనికే వాడాల్సిన విడి ఖాతాలో) డబ్బు వేయాలని మన దేశంలో 2009లో మార్గదర్శకాలు వచ్చాయి. అప్పటి రేటు భూగర్భ గనికి హెక్టారుకు లక్ష, ఓపెన్ కాస్టుకు 6 లక్షలు. అందులో ఎక్కువ భాగం గుంత పూడ్చడానికి, నేల చదును చేయడానికి, కంచెకు, మొక్కలకు. మీ బాపు బాయి అంతకుముందే పోయింది, ఆ లెక్కలోకి కూడా రాదు. జర్మనీలో 2007లోనే చెప్పారు, 2018కి లోతు బొగ్గు గనులు ఆపేస్తామని. పదకొండేళ్లు మనుషులను మెల్లగా రిటైర్ చేస్తూ, వేరే పనుల్లోకి మారుస్తూ వచ్చి, 2018 డిసెంబర్ 21న బొట్రోప్‌లో చివరి లోతు బొగ్గు గని మూశారు. ఆ బొగ్గు ప్రాంతంలోనే బోకుమ్‌లో 1965 నాటికే యూనివర్సిటీ తెరిచి పెట్టుకున్నారు. అక్కడ కూడా ఊళ్లు బాధపడ్డాయి. కానీ ఒక కాగితం మీద సంతకం పెట్టి, తర్వాత బతుకంతా దాన్ని తన తప్పుగా మోయాల్సిన పని ఎక్కువమంది తండ్రులకు రాలేదు.

నువ్వు చేయగలిగింది ఆ మోతలో కొంత దించడం. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు ఒక పొద్దున నాలుగింటికి నువ్వూ లే. తమ్ముడినీ లేపు, తిట్టినా సరే. బాపు వెంట ఆ బాయి దాకా నడవండి. బాయి గురించి అడుగు, ఏ సీమ్‌లో (బొగ్గు పొరలో) చేశాడు, జోడీ ఎవరు, ఒక షిఫ్టులో ఎన్ని టబ్బులు నింపేవాడు. చెప్పనీ, ఎంతసేపైనా. మధ్యలో ఎక్కడో సందు దొరుకుతుంది. అప్పుడు తమ్ముడి ముందే అను, ‘బాపూ, వీడి నౌకరి నువ్వు అమ్మలేదు, అది అప్పటికే లేదు’ అని. సరిగ్గా అవే మాటలు కానక్కర్లేదు, నీకు వచ్చినట్టు అను. ఆయన ఏమీ అనకపోవచ్చు. బీడీ ముట్టించుకుని అటు తిరగొచ్చు. పర్వాలేదు.

వస్తూ వస్తూ హోటల్లో టీ తాగండి. ఆధార్ జిరాక్సులు, పెన్షన్ పాస్‌బుక్, ఇంటి పన్ను రసీదులు సంచిలో వేసుకునే బయల్దేరు. అటు నుంచి అటే తహసీల్దార్ ఆఫీసుకు పోవచ్చు, పదిన్నరకు తెరుస్తారు.